తొంభై దాటాక మొదలయ్యే వణుకు

బెంగళూరులో కొత్త కారు కొన్న తెలుగువాళ్ళకు అందులో లోపం ఉన్న సంగతి చాలాసార్లు బెంగళూరులో తెలియదు. దేవనహళ్లి దాటాకే తెలుస్తుంది. దసరాకు డెలివరీ తీసుకున్న కారు మారతహళ్లి నుంచి ఆఫీసుకీ, ఆఫీసు నుంచి ఇంటికీ రెండు మూడు నెలలు హాయిగా తిరుగుతుంది. ఔటర్ రింగ్ రోడ్డు మీద స్పీడు నలభై దాటితే అదే గొప్ప. సంక్రాంతికి ఊరు బయల్దేరి, చిక్కబళ్లాపుర తర్వాత ఎన్‌హెచ్ 44 ఖాళీగా కనిపించగానే కాలు కాస్త నొక్కితే, స్టీరింగ్ చేతుల్లో సన్నగా వణకడం మొదలవుతుంది. రోడ్డు బాగాలేదేమో అనుకుంటారు. బాగేపల్లి దాటినా తగ్గదు. అనంతపురంలో టీకి ఆగేసరికి అరచేతులు తిమ్మిరెక్కి ఉంటాయి.

పండగ అయ్యాక కారు సర్వీస్ సెంటర్‌కి వెళ్తుంది. అక్కడి సలహాదారు (సర్వీస్ అడ్వైజర్) పక్కన కూర్చుని వీధి చివరిదాకా ఓ చక్కర్ కొడతాడు. ముప్పై అయిదులో వణుకు ఎందుకొస్తుంది? రాదు. 'ఎల్లా గాడినూ హింగే సార్' అంటాడు, అన్ని బండ్లూ ఇంతే అని. మరీ గట్టిగా అడిగితే అలైన్‌మెంట్ (చక్రాల కోణాలు సరిచేయడం), బాలెన్సింగ్ (చక్రం చుట్టూ బరువు సమం చేయడం) చేసి బిల్లు ఇస్తారు. వణుకు మాత్రం మళ్ళీ ఉగాదికి ఊరెళ్ళేటప్పుడు పలకరిస్తుంది.

ఇందులో మోసం కన్నా తొందరే ఎక్కువ. 'బండి వైబ్రేషన్ ఇస్తోంది' అనే ఫిర్యాదు డాక్టరు దగ్గరికి వెళ్ళి 'ఒంట్లో బాగోలేదు' అన్నట్టే ఉంటుంది. దాన్ని బట్టి ఏ భాగం పాడైందో చెప్పడం ఎవరి తరమూ కాదు. వణుకు ఎంత ఉందన్నది తర్వాతి మాట. అది దేని వెంట నడుస్తోందన్నదే ముందు తేలాలి: చక్రం వేగం వెంటా, ఇంజిన్ వేగం వెంటా, యాక్సిలరేటర్ మీది కాలు వెంటా, బ్రేకు వెంటా, లేక రోడ్డు వెంటా? ఇది తేలకుండా మార్చే ప్రతి పార్టూ లాటరీ టికెట్టే.

ముందుగా కుదుపునీ వణుకునీ విడదీయాలి. కుదుపు రోడ్డు ఇచ్చేది, వణుకు కారు తనంతట తాను పుట్టించుకునేది. నున్నటి తారు మీదికి రాగానే ఆగిపోతే అది కుదుపు. రోడ్డు ఎంత నున్నగా ఉన్నా ఒకే లయలో సాగుతుంటే అది వణుకు. ఈ రెంటినీ ఒకే మాటలో కలిపేసి చెప్పడం వల్లే సగం ఫిర్యాదులు దారి తప్పుతాయి.

రెంటికీ ముందు చూడాల్సింది మాత్రం ఒకటే: టైర్లలో గాలి. కొత్త కార్లు ఫ్యాక్టరీ నుంచి స్టాక్‌యార్డుకు వచ్చేటప్పుడు టైర్లలో మామూలు కన్నా ఎక్కువ గాలి కొట్టి పంపడం రివాజు. నెలల తరబడి ఒకేచోట నిలబడితే టైరు అడుగుభాగం చదును కాకుండా ఉండటానికి ఈ జాగ్రత్త. డెలివరీకి ముందు చేసే తనిఖీలో దాన్ని తగ్గించాలి. పండగ రద్దీలో ఒకే రోజు పదుల కార్లు ఇచ్చే షోరూమ్‌లో ఈ పని మర్చిపోవడం పెద్ద విశేషం కాదు. డ్రైవర్ తలుపు తెరిస్తే పక్క స్తంభం మీద ఉండే స్టిక్కర్‌లో గాలి ఒత్తిడి 33 పీఎస్‌ఐ అని ఉంటుంది. టైరులో 42 ఉంటుంది. అలాంటి కారు ప్రతి గతుకునీ నడుముకి చేరవేస్తుంది. కొన్నవాళ్ళు సస్పెన్షన్‌ని తిట్టుకుంటారు. బండి రాత్రంతా నిలబడి టైర్లు చల్లగా ఉన్నప్పుడు కొలిచిన లెక్కే లెక్క. బంకు దాకా పది కిలోమీటర్లు నడిపి అక్కడ కొలిస్తే రెండు మూడు పీఎస్‌ఐ ఎక్కువే చూపుతుంది.

గాలి సరిచేశాక కూడా 80 నుంచి 110 మధ్య వణుకు వస్తోందంటే ఇక చక్రాల లెక్కలోకి దిగాలి. చిన్న కార్లలో ఎక్కువగా కనిపించే 185/65 ఆర్15 టైరు చుట్టుకొలత సుమారు 1.95 మీటర్లు. గంటకు 90 కిలోమీటర్లంటే సెకనుకు 25 మీటర్లు. అంటే చక్రం సెకనుకు దాదాపు 13 సార్లు తిరుగుతుంది. ఆ చక్రంలో రిమ్ అంచున ఒకవైపు 30 గ్రాముల బరువు ఎక్కువుందనుకుందాం. తిరిగే చక్రంలో ఆ 30 గ్రాములు దాదాపు నాలుగు కిలోల బలంతో ఇరుసును బయటికి లాగుతాయి, సెకనుకు 13 సార్లు. అదే కారు 45లో పోతుంటే ఆ లాగుడు కిలోకి పడిపోతుంది. వేగం సగమైతే బలం నాలుగో వంతు అవుతుంది. సిటీలో తెలియకపోవడానికి ఒక కారణం ఇది.

రెండో కారణం ఇంకా ముఖ్యమైనది. స్ప్రింగు మీద కూర్చున్న కారు బాడీ తన సహజ లయలో సెకనుకు ఒకటి, ఒకటిన్నర సార్లు ఊగుతుంది. దాని కింద, స్ప్రింగుకీ టైరు రబ్బరుకీ మధ్య ఇరుక్కున్న చక్రానికి వేరే లయ ఉంటుంది, సెకనుకు 10 నుంచి 15 సార్లు. ఉయ్యాలని దాని ఊపుకి తగ్గట్టు తోస్తే చిటికెన వేలితోనైనా ఎంత ఎత్తుకైనా లేపొచ్చు. తొంభైలో చక్రం తిరిగే వేగం సరిగ్గా ఆ లయ మీదికి వచ్చి కూర్చుంటుంది. అందుకే చిన్న అసమతుల్యం కూడా అక్కడ పెద్దదై చేతికి తగులుతుంది. కొన్ని కార్లలో 115 దాటగానే తగ్గిపోయినట్టు అనిపించేది కూడా ఇందుకే. లోపం పోలేదు, లయ తప్పింది. నాలుగు లేన్ల హైవే మీద కార్లకు కేంద్రం 2018లో పెట్టిన గరిష్ఠ పరిమితి 100 కాబట్టి ఈ పరీక్షకు అంతకన్నా వేగంగా పోనక్కర్లేదు కూడా.

వణుకు ఎక్కడ తగులుతోందన్నది తర్వాతి ఆధారం. స్టీరింగ్‌లో తగిలితే ముందు చక్రాలు, సీటులోనూ నేలలోనూ తగిలితే వెనక చక్రాలు అని మెకానిక్‌లు చెప్పేది చాలావరకు నిజమే. అనుమానం తీరాలంటే ముందు చక్రాలు వెనక్కీ, వెనకవి ముందుకీ మార్చి అదే రోడ్డు మీద అదే వేగంలో నడపాలి. వణుకు స్టీరింగ్ నుంచి సీటులోకి పోయిందంటే దొంగ చక్రంలోనే ఉన్నాడు. ఎక్కడిదక్కడే ఉంటే చక్రాన్ని బిగించే హబ్, దాని బేరింగ్, బ్రేకు డిస్క్ వైపు చూడాలి. స్టెప్నీ వేసి పరీక్షించొచ్చు కానీ ఇప్పుడు చాలా కార్లలో అది సైజులో చిన్నది, దాని మీద వేగ పరిమితి కూడా రాసి ఉంటుంది. తొంభై పరీక్షకు అది పనికిరాదు.

అలైన్‌మెంట్ గురించి ఒక మాట. కారు ఒక పక్కకి లాగడం, స్టీరింగ్ వంకరగా నిలవడం, టైరు ఒక అంచున అరగడం అలైన్‌మెంట్ జబ్బులు. వణుకు దాని జబ్బు కాదు. ఈ రెంటినీ ఒకే ప్యాకేజీగా అమ్మడం వల్ల జనంలో రెండూ ఒకటే అన్న అభిప్రాయం పాతుకుపోయింది. వణుకు ఉన్న కారుకి అలైన్‌మెంట్ చేయించడం కంటి నొప్పికి చెప్పులు మార్చినట్టు.

బాలెన్సింగ్ దగ్గర మాత్రం నిలబడి చూడటం మంచిది. మెషిన్ తెర మీద సున్నా రాగానే పని అయిపోయినట్టు చూపిస్తారు. ఆ సున్నా నిజమో కాదో తేల్చే పరీక్ష ఒకటుంది, పైసా ఖర్చు లేదు. సున్నా వచ్చాక చక్రాన్ని మెషిన్ నుంచి విప్పించి, సగం చుట్టు తిప్పి, మళ్ళీ బిగించి తిప్పమనాలి. మళ్ళీ సున్నాయో, అయిదు గ్రాముల లోపో రావాలి. ఈసారి 20, 25 అని చూపిందంటే చక్రం మెషిన్ మీద మధ్యకి కూర్చోలేదు. చక్రాన్ని మధ్యకి పట్టే కోన్ సరైనది కాకపోవచ్చు, హబ్ రంధ్రంలో మట్టి ఉండొచ్చు. అంతకుముందు అతికించిన బరువు ముక్కలన్నీ తప్పుచోట ఉన్నట్టే. అడిగితే షాపువాళ్ళు ఒక చూపు చూస్తారు. ఆ చూపుకి జంకనక్కర్లేదు.

మట్టి అంటే గుర్తొచ్చింది. వానాకాలంలో వైట్‌ఫీల్డ్, సర్జాపుర వైపు తవ్విన రోడ్ల మీద తిరిగిన కార్లలో రిమ్ లోపలి వైపు ఎర్రమట్టి పేరుకుని గట్టిపడుతుంది. పైనుంచి కనిపించదు. 30 గ్రాముల మట్టి ఎంత? పిడికెడు కూడా ఉండదు. నీళ్ళ ప్రెషర్‌తో లోపలి వైపు కడిగితే వణుకు మాయమైన సందర్భాలు మెకానిక్‌లందరికీ తెలిసినవే. మట్టి కింద దాక్కున్న ఇంకో సంగతి, గుంత దెబ్బకి వంగిన లోపలి అంచు. కారు వారం కిందటిదైనా గుంతకి ఆ దయ ఉండదు. జాకీ మీద లేపి, చక్రం తిప్పుతూ రిమ్ లోపలి అంచు దగ్గర స్క్రూడ్రైవర్ మొన కదలకుండా పట్టుకుంటే, మధ్యలోని ఖాళీ పెరగడం తరగడం కంటికే కనిపిస్తుంది. మిల్లీమీటరు తేడాకే తొంభైలో చేతికి తెలుస్తుంది.

బాలెన్స్ సరిగ్గా ఉండి, రిమ్ గుండ్రంగా ఉండి, అయినా వణుకు పోకపోతే టైరు గట్టితనం చుట్టూ ఒకేలా లేదేమో చూడాలి. టైరును గాలిలో తిప్పే మామూలు మెషిన్‌కి ఇది దొరకదు. రోలర్‌తో టైరును నొక్కి, బరువు మోస్తున్నట్టు తిప్పే రోడ్ ఫోర్స్ మెషిన్ కావాలి. అన్నిచోట్లా ఉండవు కాబట్టి ముందే ఫోన్ చేసి కనుక్కోవాలి. కొత్త టైరు పక్క గోడ మీద కనిపించే చుక్కలు ఈ కథకి సంబంధించినవే. పసుపు చుక్క తేలికగా ఉన్న చోటు, దాన్ని వాల్వ్ పక్కన పెట్టాలి. ఎర్ర చుక్క గట్టిగా ఉన్న చోటు, దాన్ని రిమ్‌లో పల్లంగా గుర్తు పెట్టిన చోటికి తేవాలి. స్టాక్‌యార్డులో ఎండలో నెలలు నిలిచిన కారు టైర్లు చదునెక్కి ఉంటాయి. అది తాత్కాలికమైతే అరగంట నడిపి వేడెక్కగానే సర్దుకుంటుంది. సర్దుకోకపోతే టైరు మార్చాల్సిందే. కారు ఎన్నాళ్ళు నిలబడిందో ఆర్‌సీలో ఉన్న తయారీ నెల చెబుతుంది. టైరు పక్కన నాలుగు అంకెలు ఉంటాయి, 3224 అంటే 2024లో 32వ వారం.

ఇదంతా చేతి అంచనా మీద కాక లెక్క మీద నడవాలంటే జేబులోని ఫోన్ చాలు. జర్మనీలోని ఆహెన్ సాంకేతిక విశ్వవిద్యాలయం వాళ్ళు చేసిన ఫైఫాక్స్ అనే ఉచిత యాప్‌లో కదలికను లయలుగా విడదీసి గ్రాఫుగా చూపే భాగం ఉంది. నడిపేవాళ్ళు కాక పక్కన కూర్చున్నవాళ్ళు చేయాల్సిన పని ఇది. డ్యాష్‌బోర్డు మీది హోల్డర్‌లో పెడితే హోల్డర్ వణుకే చూపిస్తుంది. సీటు పట్టాల పక్కన నేల మీద, మ్యాట్ తీసేసి, టేపుతో అంటించాలి. వేగం జీపీఎస్‌లో చూడాలి, ఎందుకంటే స్పీడోమీటర్లు అసలు కన్నా కాస్త ఎక్కువ చూపేలానే తయారవుతాయి. తొంభైలో 13 హెర్ట్జ్ (సెకనుకు 13 సార్లు) దగ్గర శిఖరం లేచి, ఎనభైకి తగ్గగానే అది 11.5కి, వందకి పెరగగానే 14 పైకి జరిగితే చక్రమే అని రాసి సంతకం పెట్టొచ్చు. అంతకు రెట్టింపు, అంటే 26 దగ్గర లేస్తే చక్రం చుట్టులో రెండుసార్లు ఏదో తగులుతోంది, టైరు కోలగా ఉండొచ్చు. ఒక చిక్కు ఏమిటంటే, సెకనుకు 100 సార్లు కొలిచే ఫోన్ 50 హెర్ట్జ్ వరకే నమ్మకంగా చూపగలదు. పరుగులో ఇంజిన్ పుట్టించే వణుకు సాధారణంగా ఆ పైనే ఉంటుంది.

ఇంజిన్‌ని పట్టుకోవడానికి ఫోన్ అక్కర్లేదు. తొంభైలో రెండు క్షణాలు క్లచ్ నొక్కితే ఇంజిన్ వేగం పడిపోతుంది, చక్రాల వేగం అలాగే ఉంటుంది. వణుకు అలాగే ఉంటే చక్రాలు, పోతే ఇంజిన్ వైపు. ఆటోమేటిక్‌లో మాన్యువల్ మోడ్‌కి మార్చి, అదే వేగంలో ఒక గేరు తగ్గించి చూస్తే సరిపోతుంది. ఇక సిగ్నల్ దగ్గర ఏసీ వేసుకుని నిలబడ్డప్పుడు సీటులో తగిలే గుర్రు వేరే జాతి. మన దగ్గర నాలుగు మీటర్ల లోపు పొడవు, 1200 సీసీ లోపు పెట్రోల్ ఇంజిన్ ఉన్న కార్లకు పన్ను తక్కువ. 2025 సెప్టెంబర్ 22 నుంచి వాటి మీద జీఎస్టీ 18 శాతం. ఆ సీసీ పరిమితిలో బరువు, ఖర్చు, మైలేజీ కలిసొచ్చేలా కంపెనీలు మూడు సిలిండర్ల వైపు వెళ్ళాయి. 2024లో వచ్చిన కొత్త స్విఫ్ట్ కూడా నాలుగు నుంచి మూడుకి మారింది. 750 ఆర్‌పీఎంలో నాలుగు సిలిండర్ల ఇంజిన్ సెకనుకు 25 సార్లు పేలితే మూడు సిలిండర్లది 19 సార్లే పేలుతుంది. పైగా ఇంజిన్ ఒక చివర లేస్తే ఇంకో చివర దిగుతూ తొట్టెలా ఊగే గుణం దానికి పుట్టుకతోనే ఉంది. పాత నాలుగు సిలిండర్ల కారు నుంచి మారినవాళ్ళు దీన్ని లోపం అనుకుంటారు. అది లోపం కాదు. కానీ ఆటోమేటిక్‌లో గేరు డీ నుంచి ఎన్‌కి మార్చగానే సీటు ఒక్కసారిగా ప్రశాంతమైతే, లేదా స్టార్ట్ చేసేటప్పుడు 'ధన్' మని కొడితే, ఇంజిన్‌ని బాడీకి పట్టి ఉంచే మౌంటు బిగింపు చూడమనడంలో తప్పు లేదు.

ఎక్కుడులో యాక్సిలరేటర్ నొక్కినప్పుడు మాత్రమే వచ్చి, కాలు తీయగానే ఆగే ఊపు మరొకటుంది. బెంగళూరు దగ్గరి నంది హిల్స్ ఎక్కేటప్పుడు బాగా తెలుస్తుంది. ముందు చక్రాలు లాగే కార్లలో ఇది తరచూ ఇంజిన్ శక్తిని చక్రానికి చేర్చే డ్రైవ్ షాఫ్ట్ లోపలి జాయింటుది. అందులో మూడు రోలర్లు ఉంటాయి కాబట్టి చక్రం ఒక చుట్టు తిరిగేలోగా మూడుసార్లు పక్కకి తోస్తుంది. పూర్తిగా మలుపు తిప్పినప్పుడు టకటకమంటే బయటి జాయింటు.

బ్రేకు నొక్కినప్పుడే స్టీరింగ్ కొట్టుకుంటే డిస్క్ మందం చుట్టూ ఒకేలా లేదు. యార్డులో తడిసి తుప్పు పట్టిన డిస్కు పది గట్టి బ్రేకులకు శుభ్రమవుతుంది. శుభ్రం కాకపోతే వారంటీలో అడగాలి.

ఇక మిగిలింది కుదుపు. బెంగళూరులో తారు మీద కాంక్రీటు పరిచిన వైట్ టాపింగ్ రోడ్లు పెరిగాయి. వాటికి కొన్ని మీటర్లకో అతుకు ఉంటుంది. నాలుగున్నర మీటర్లకొక అతుకు ఉందనుకుంటే, ఎనభైలో సెకనుకు అయిదు దెబ్బలు. కూర్చున్న మనిషి ఒళ్ళు నిలువు కదలికను ఎక్కువగా పట్టుకునేది సెకనుకు 4 నుంచి 8 సార్ల మధ్య అని ఐఎస్ఓ 2631 అనే అంతర్జాతీయ ప్రమాణం చెబుతుంది. ఎలక్ట్రానిక్ సిటీ ఫ్లైఓవర్ అతుకుల మీద అందరి కార్లూ దడదడలాడతాయి. ఆ రోడ్డు మీద తీర్పు చెబితే ఏ కారూ పాసవదు. స్పీడ్ బ్రేకర్ల సంగతి చెప్పక్కర్లేదు. ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ చెప్పిన గుండ్రటి హంపు 3.7 మీటర్ల వెడల్పు, 10 సెంటీమీటర్ల ఎత్తు. కాలనీల్లో కనిపించేవి ఆ ఎత్తుని అర మీటరులో ఎక్కించేస్తాయి.

ఇద్దరే ఉన్నప్పుడు వెనక సీటు ఎగరేసి, అయిదుగురు ఎక్కగానే మెత్తబడే కారు గురించి చాలామంది కంగారు పడతారు. వెనక స్ప్రింగులు నిండు బరువుకి లెక్కగట్టి పెడతారు. పైగా వెనక లయ ముందు లయ కన్నా కాస్త చురుగ్గా ఉండాలని 1930లలో కాడిలాక్ కార్ల కంపెనీలో పనిచేసిన ఇంజినీరు మారిస్ ఆలీ పరీక్షలు చేసి తేల్చాడు. హంపు మీద ముందు చక్రాలు ముందే ఎగురుతాయి కాబట్టి, ఆలస్యంగా ఎగిరిన వెనక భాగం త్వరగా ఊగి ముందుభాగాన్ని అందుకుంటే కారు తొట్టెలా ఊగదు. వెనక సీట్లో పెద్దవాళ్ళు కూర్చునే ఇళ్ళలో కారు కొనేముందు టెస్ట్ డ్రైవ్ వెనక సీట్లోంచి చేయాలి. స్టీరింగ్ ముందు కూర్చున్నవాళ్ళకి ఈ సంగతి ఎప్పటికీ తెలియదు. పెద్ద అలాయ్ చక్రాల మోజుకీ ఇదే వర్తిస్తుంది. 185/65 ఆర్15లో టైరు గోడ 120 మిల్లీమీటర్లు, టాప్ వేరియంట్‌లో వచ్చే 195/55 ఆర్16లో 107. ఆ తగ్గిన రబ్బరు పని నడుము చేస్తుంది.

సర్వీస్ సెంటర్‌లో జాబ్ కార్డు మీద 'హై స్పీడులో వైబ్రేషన్' అని రాయనివ్వకూడదు. 'జీపీఎస్ వేగం 85–100 మధ్య స్టీరింగ్ వణుకు, క్లచ్ నొక్కినా తగ్గదు, బ్రేకుతో సంబంధం లేదు, చల్లని టైర్లలో 33 పీఎస్‌ఐ' అని రాయించి, కాపీ తీసుకోవాలి. సలహాదారుని వీధి చివరికి కాదు, దేవనహళ్లి దాటించి ఎన్‌హెచ్ 44 మీదికి తీసుకెళ్ళి, అక్కడి వేగ పరిమితిలోపలే చూపించాలి. కొత్త కారులో లోపం పదేపదే వస్తే దాన్ని వెనక్కి తీసుకోవాలనే ప్రత్యేక చట్టం మన దేశంలో లేదు. 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టమే దిక్కు. చెల్లించిన ధర 50 లక్షల లోపైతే జిల్లా కమిషన్‌కి వెళ్ళొచ్చు, సలహాకి జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915 ఉంది. చూపుకి తెలియని లోపమైతే కమిషన్ ప్రయోగశాల పరీక్షకు పంపగలదు. అప్పుడు మాట్లాడేవి ఈ జాబ్ కార్డులే.

అక్కడిదాకా పోయే ముందు షోరూమ్‌ని ఒకటి అడగాలి: అదే మోడల్, అదే టైరు సైజు ఉన్న డెమో కారు. రెంటిలోనూ గాలి ఒకేలా కొట్టి, ఒకే రోడ్డు మీద, ఒకే వేగంలో, ఒకే ఫోన్ ఒకే చోట పెట్టి నడపాలి. రెండు గ్రాఫులు పక్కపక్కన పెట్టినప్పుడు శిఖరం ఒకదానిలోనే ఉంటే సలహాదారు దగ్గర ఇక చెప్పడానికేం ఉండదు. రెంటిలోనూ ఒకే ఎత్తులో ఉంటే, అన్ని బండ్లూ ఇంతే అని అతను అన్నది ఈసారికి నిజమే. అప్పుడు ఆ కారు అంతే.